గాలానికి ఎర గుచ్చడం – మేము నేర్చుకున్న పాఠం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు మా బ్యాచ్ వాళ్ళం కూర్చుని ఆలోచించాం. చదువు గురించి, క్రమశిక్షణ గురించి రాసే పెద్దలు చాలామంది ఉన్నారు. మాకు చిన్నప్పటి నుంచి బాగా తెలిసిన పని ఇంకొకటి ఉంది. అది గాలం వేయడం. మాలో చాలామందిమి చెరువు పక్క ఊళ్ళలో, కూలి చేసుకునే ఇళ్ళలో పుట్టాం. పలక పట్టకముందే గాలపు కర్ర పట్టాం. అందరూ ఆటగా చూసే ఈ పనిలో తెలుసుకోవలసింది ఎంతో ఉంది. అందుకే దీన్ని పాఠంలా రాస్తున్నాం.

ఎరను ఎంచుకోవడం

ఏ చేపను పట్టాలో ముందు అనుకుని, దాని నోటిని బట్టి ఎరను, గాలాన్ని ఎంచుకోవాలి. పరిగె నోరు చిన్నది. దానికి చిన్న గాలం, చిన్న ఎర్ర ముక్క చాలు. ఒకటో నంబరు నుంచి నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుందని గుర్తుంచుకోండి. చిన్న చేపలకు 10, 12 నంబర్లు సరిపోతాయి.

1. ఎర్ర (వానపాము): పరిగె, జెల్ల, గొరక, మట్టగిడస అన్నీ దీన్ని తింటాయి. పేడకుప్ప పక్కన, అరటి మొదళ్ళ దగ్గర తడి నేలలో తవ్వితే దొరుకుతుంది. ఎర్ర చర్మంతోనే ఊపిరి పీల్చుకుంటుంది. చర్మం ఎండితే చచ్చిపోతుంది. కాబట్టి రేకు డబ్బాలో వేసి ఎండలో పెట్టకూడదు. మట్టి ముంతలో తడి మన్ను, నాలుగు ఆకులు వేసి నీడన ఉంచాలి.

2. మిడత: నీటి పైపైన తిరిగే చేపలకు మంచి ఎర. తెల్లవారుజామున చలికి చురుగ్గా ఎగరలేదు. అప్పుడే పట్టుకోవాలి.

3. చిన్న రొయ్య, చిన్న పరిగె: కొరమీను వేటాడి తినే చేప. కదిలే ఎర కనిపిస్తే వదలదు.

కొరమీనుకు కప్పను గుచ్చేవాళ్ళూ ఉన్నారు. మేము ఆ పని మానేశాం. పొలంలో పురుగులను తినేది కప్ప. కప్ప కాళ్ళ ఎగుమతిని మన దేశం 1987లోనే నిషేధించింది.

గుచ్చే పద్ధతి

బతికి కదులుతున్న ఎర దగ్గరికే చేప త్వరగా వస్తుంది. అందుకని ఎర బతికి ఉండేలా గుచ్చడమే ఈ విద్యలో అసలు సంగతి.

ఎర్రను ఒక కొన నుంచి గాలం వంపు వెంట ఎక్కించి, చివర కొంచెం తోక వదలాలి. తోక ఎక్కువ వదిలితే పరిగెలు దాన్ని కొరుక్కుని పోతాయి, బెండు ఊగుతుంది గానీ చేప పడదు. జెల్లకైతే ఎర్రను రెండు మూడు మడతలుగా గుచ్చవచ్చు. మిడతకు తల వెనుక గట్టి పెంకు కింద గుచ్చాలి, పొట్టలో గుచ్చితే వెంటనే చస్తుంది. రొయ్యకు తోక దగ్గర గుచ్చాలి. పరిగెను వీపు రెక్క కింద, వెన్నెముకకు తగలకుండా పైపైన గుచ్చితే చాలాసేపు ఈదుతుంది.

జెల్ల పడితే జాగ్రత్త. వీపు మీద, రెండు పక్కలా ముళ్ళుంటాయి. తడిగుడ్డతో పట్టుకోవాలి.

మేము చేసిన తప్పు

ఎనిమిదో తరగతిలో ఒక ఆదివారం వార్డెన్ గారికి చెప్పకుండా చెరువుకు వెళ్ళాం. ఎర గుచ్చుతుండగా మాలో అందరికన్నా చిన్నవాడి చూపుడు వేలిలో గాలం దిగింది. దెబ్బలు పడతాయని భయపడి మేమే లాగేశాం. గాలం మొన దగ్గర వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఉంటుంది. చేపను జారిపోనివ్వనిది అదే. వెనక్కి లాగితే అదే కండను చీల్చుకుంటూ వస్తుంది. వాడి వేలు అలాగే చీలింది. గుడ్డ కట్టి మూడు రోజులు దాచాం. చీము పట్టి జ్వరం వచ్చాకగానీ నోరు విప్పలేదు. వార్డెన్ గారు ఒక్క మాట అనకుండా వాణ్ణి సైకిలు మీద ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వేలు దక్కింది, కానీ ఈనాటికీ పూర్తిగా మడత పడదు.

తమ్ముళ్ళారా! గాలం దిగితే లాగకండి. దారం తెంపి, గాలాన్ని కదపకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ధనుర్వాతం రాకుండా ఇంజక్షన్ వేయించుకోండి. దాచడం అన్నిటికన్నా పెద్ద తప్పు. చెరువుకు పెద్దవాళ్ళు లేకుండా వెళ్ళవద్దు. తుంగలో చిక్కుకున్న గాలం కోసం నీళ్ళలోకి దిగవద్దు. గాలం కొంచెం డబ్బుకే దొరుకుతుంది.

మరచిపోకూడని నియమాలు

- చెరువులో చేప పిల్లలు వేసేది మత్స్యకారుల సంఘం. వారిని అడిగే గాలం వేయాలి.
- ఎర్రని పిల్లల గుంపు నీటి పైన తేలుతుంటే కింద తల్లి కొరమీనో, తండ్రి కొరమీనో కాపలా ఉన్నట్టే. అక్కడ గాలం వేయకండి. కాపలా పోతే పిల్లలను మిగతా చేపలు తినేస్తాయి. కొరమీను తెలంగాణ రాష్ట్ర చేప కూడా.
- మిగిలిన ఎర చేపలను ఇంకో చెరువులో వదలకండి. కొత్త జాతి చేరితే అక్కడి చేపలకు ముప్పు.
- తెగిన దారం గట్టున పారేస్తే కొంగల కాళ్ళకు చుట్టుకుంటుంది. ఏరి తీసుకురండి.

చివరగా ఒక మాట. "చేపలు పట్టుకునేవాళ్ళ పిల్లలు" అని బడిలో కొందరు మమ్మల్ని వెక్కిరించేవారు. ఒకరోజు సైన్సు మాస్టారు వానపాము బొమ్మ గీసి, క్లైటెల్లం ఎక్కడుంటుందని అడిగారు. ఎవరూ చెప్పలేదు. మా వాడు లేచి వెళ్ళి సరిగ్గా ఆ పట్టీ మీద వేలు పెట్టాడు. రోజూ చేత్తో పట్టుకునేదాన్ని గుర్తుపట్టడం వాడికి కష్టం కాలేదు. అది 14 నుంచి 16వ ఖండితం వరకు ఉంటుందని మాస్టారు ఆ రోజు చెప్పినది మా ఎవరికీ మరుపు రాలేదు. ఆ తరువాత వెక్కిరింపులు తగ్గాయి.

ఇంటి దగ్గర అమ్మానాన్నల నుంచి నేర్చుకున్న పనిని చిన్నతనంగా భావించకండి. అదీ చదువే. ఈ వ్యాసాన్ని సాఫుగా రాసి పంపింది ఆ మడత పడని వేలి మిత్రుడే.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థులం