కొత్త డిస్క్ పెట్టినా సి డ్రైవ్ ఎందుకు పెరగదు?

కోల్‌కతా చాందినీ మార్కెట్‌లో కంప్యూటర్ విడిభాగాల దుకాణాలు వరుసగా ఉంటాయి. సి డ్రైవ్ నిండిపోయిన వాళ్లు అక్కడ ఒక కొత్త ఎస్‌ఎస్‌డీ కొని, ఇంటికి తెచ్చి బిగించారనుకుందాం. కంప్యూటర్ ఆన్ చేస్తే ఖాళీ లేదన్న పాత హెచ్చరిక మళ్లీ ప్రత్యక్షమవుతుంది. కొత్త డిస్క్‌లో లోపమేమీ లేదు. మరి ఆ ఖాళీ అంతా ఎక్కడికి పోయింది?

దీనికి జవాబు అదే నగరంలోని పాత యంత్రం దగ్గర మొదలుపెడితే సులువుగా అర్థమవుతుంది. 1955-56లో బరానగర్‌లోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు బ్రిటన్ నుంచి హెచ్‌ఈసీ-2ఎం అనే కంప్యూటర్ వచ్చింది. మన దేశానికి వచ్చిన మొదటి డిజిటల్ కంప్యూటర్ అదే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు దశాబ్దాలపాటు పనిచేసిన సంస్థ కూడా ఇదే. ఆ యంత్రం జ్ఞాపకశక్తి అయస్కాంత పూత పూసిన ఒక తిరిగే డ్రమ్ము. అందులో పట్టేవి 1024 పదాలు మాత్రమే! ప్రతి పదానికీ డ్రమ్ము మీద ఒక సంఖ్య, అంటే చిరునామా ఉండేది.

నేటి డిస్క్ కూడా సంఖ్యలు వేసిన గదుల వరుసే. ఈ గదులను సెక్టార్లు అంటారు. డిస్క్ మొదట్లో ఒక చిన్న పట్టిక ఉంటుంది. ఏ విభాగం ఎన్నో గదిలో మొదలై ఎక్కడ ముగుస్తుందో అందులో రాసి ఉంటుంది. మనం సి డ్రైవ్ అని పిలిచేది ఆ పట్టికలోని ఒక వరుస. కొత్త డిస్క్‌కు దాని సొంత పట్టిక ఉంటుంది, దాని లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. పక్క ఊళ్లో పొలం కొన్నంత మాత్రాన మన ఊళ్లోని పొలం గట్టు జరగదు కదా.

ఒకే డిస్క్‌లో ఖాళీ ఉన్నా ఇబ్బంది తప్పదు. విండోస్‌లో సి డ్రైవ్‌ను పెంచాలంటే ఆ ఖాళీ దాని వెనువెంటనే ఉండాలి. చాలా కంప్యూటర్లలో మధ్యలో రికవరీ విభాగం అడ్డంగా ఉంటుంది, అందుకే 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' మసకబారి కనిపిస్తుంది. ఆ విభాగాన్ని పక్కకు జరిపే సాధనాలున్నాయి. కానీ జరపడమంటే అందులోని డేటాను కొత్త గదుల్లోకి మళ్లీ రాయడమే. వేసవి సాయంత్రం కాలబైశాఖి గాలివానకు మధ్యలో కరెంటు పోయిందంటే ఇంటిల్లిపాది ఫొటోలూ గల్లంతు కావచ్చు.

అందుకే ఫొటోలు, వీడియోలు, డాక్యుమెంట్లను కొత్త డిస్క్‌కు మార్చి, సి డ్రైవ్‌ను దాని మానాన వదిలేయడమే చాలామందికి సరిపోతుందని నా అభిప్రాయం. సి డ్రైవే పెద్దది కావాలంటే, పాత డిస్క్ మొత్తాన్ని ఇంకా పెద్ద డిస్క్‌లోకి నకలు తీసి, అక్కడ హద్దు పెంచాలి.

లైనక్స్‌లో మరో దారి ఉంది. ఎల్‌వీఎం అనే పొర డిస్క్‌లకూ ఫైళ్లకూ మధ్య నిలుస్తుంది. అది స్థలాన్ని ముక్కలుగా, సాధారణంగా ఒక్కొక్కటి 4 మెగాబైట్లుగా లెక్కపెట్టి, ఏ ముక్క ఏ డిస్క్‌లో ఉందో తన సొంత జాబితాలో రాసుకుంటుంది. కాబట్టి ఒకే విభాగం రెండు డిస్క్‌ల మీద పరుచుకోగలదు. మొదటినుంచీ ఎల్‌వీఎం మీదే లైనక్స్ వేసి ఉంటే కొత్త డిస్క్‌ను ఆ గుంపులో చేర్చి, విభాగాన్ని పెంచవచ్చు. అంతటితో పని అయిపోలేదు. లోపలి ఫైల్ సిస్టమ్‌ను కూడా విడిగా పెంచాలి, లేకపోతే ఖాళీ పాత అంకె దగ్గరే ఆగిపోతుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ వాడేవారు ఇంకొకటి గమనించాలి: దాన్ని పెంచడమే గానీ తగ్గించడం కుదరదు.

ఈ సౌకర్యానికి ఒక ఖరీదు ఉంది. ఏడాదిలో ఒక్కో డిస్క్ చెడిపోయే అవకాశం 5 శాతం అని ఉదాహరణకు అనుకుందాం. రెండూ బాగుండే అవకాశం 0.95ను 0.95తో గుణిస్తే 0.9025. అంటే రెండింటిలో ఒక్కటైనా చెడే అవకాశం 9.75 శాతం. ఏది చెడినా దెబ్బతినేది ఆ విభాగం మొత్తం.

ఏ దారి ఎంచుకున్నా ముందుగా ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్క్‌లో భద్రపరచి, అవి తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. విండోస్‌లో బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. నకలు తీశాక కొత్త డిస్క్‌తో కొన్ని రోజులు పని చేసి చూసేదాకా పాత డిస్క్‌ను చెరపకండి.