పిల్లల భయము – తల్లిదండ్రుల కర్తవ్యము

సోమవారము ఉదయమున కొందఱు పిల్లలకు కడుపునొప్పి వచ్చును. “నేడు బడికి పోవలదు” అన్న మాట చెవిని పడగానే అది తగ్గును. దీనిని దొంగవేషమని కొందఱు తల్లిదండ్రులు కోపింతురు; కొందఱు జాలిపడి సెలవుచీటి వ్రాసి పంపుదురు. ఈ రెండు మార్గములును సరియైనవి కావని మేము కొంత ఆలస్యముగా గ్రహించితిమి. ముందుగా వైద్యునికి చూపవలెను. శరీరమున వ్యాధి లేదని తేలినచో, ఆ నొప్పికి మూలము తఱచుగా భయమే. మూలము భయమైనను, నొప్పి మాత్రము నిజమైనదే.

భయము స్వతహాగా చెడ్డది కాదు. పరీక్షకు ముందు కొంచెము గుండె కొట్టుకొనుట చదువునకు సాయమే. అది నిద్రను, ఆటను, చదువును చెఱచి వారములకొలది నిలిచినపుడు ఆందోళన రుగ్మతయేమోయని చూడవలెను. దీనికి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ యను చికిత్స కలదు. ఆలోచనా ప్రవర్తనా చికిత్స యని మనము చెప్పుకొనవచ్చును. ఆలోచన, శరీరము, నడవడి – ఈ మూడును ఒకదానినొకటి లాగుచుండునని దీని సారాంశము.

మా పాఠశాలలో ఏడవ తరగతి బాలిక యొకతె వీధిలో తమిళము చక్కగా మాటలాడును. తమిళ పాఠమును బిగ్గరగా చదువుమన్నచో గొంతు పెగలదు. “తప్పు చదివెదను, అందఱును నవ్వెదరు” – ఇది ఆలోచన. చేతులు వణకును, నోరు ఎండును – ఇది శరీరము. చదువకుండ కూర్చుండును – ఇది నడవడి. ఆమె తల్లి వచ్చి వేడుకొనగా, ఆ బాలికను చదివింపవలదని ఉపాధ్యాయులకు చెప్పినది మేమే. అది దయయని తలచితిమి. మూడు మాసములలో ఆమె లెక్కల తరగతిలోను లేచి నిలువలేకపోయెను. తరువాత బడికి వచ్చుటయే మానెను.

ఇట్లేల జరిగెను? తప్పించుకొన్నపుడు వెంటనే ఊరట కలుగును. “తప్పించుకొన్నందుననే బ్రతికితిని” అని మనస్సు నేర్చుకొనును. అందుచే మఱునాడు భయము పెరుగును.

దీనికి విరుగుడు, భయమును మెట్టు మెట్టుగా ఎదుర్కొనుట. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అను మనస్తత్వవేత్త, కుందేలునకు భయపడు మూడేండ్ల బాలుని విషయము ప్రకటించెను. బాలుడు ఇష్టమైన తిండి తినుచుండగా పంజరములోని కుందేలును దూరమున నుంచి, క్రమముగా దగ్గఱకు తెచ్చిరి. తుదకు ఆ బాలుడే దానిని ముట్టుకొని ఆడెను. దక్షిణాఫ్రికా వైద్యుడు జోసెఫ్ వోల్పే, శరీరమును సడలించుకొనుచు భయమును క్రమముగా ఎదుర్కొను పద్ధతిని 1958 నాటి తన గ్రంథమున వివరించెను. అటుపై 1960 దశకమున అమెరికా వైద్యుడు ఆరన్ బెక్, మనస్సున తటాలున మెఱయు ఆలోచనలను పరీక్షించి చూచుకొను మార్గము చూపెను.

నిపుణురాలి సలహాపై ఆ బాలికకు మేము ఆఱు మెట్లు ఏర్పఱచితిమి: అద్దము ముందు ఒక వాక్యము, తల్లి యెదుట, స్నేహితురాలి యెదుట, ఉపాధ్యాయిని యొద్ద ఒంటరిగా, నలుగురి నడుమ, తుదకు తరగతి యంతటి యెదుట. ఒక మెట్టున భయము తగ్గువఱకు అదే పాఠము మరల మరల జరిగెను. ప్రతి మాఱును ముందుగా “ఏమి జరుగునని తలచితిని”, తరువాత “ఏమి జరిగినది” అని నోటుపుస్తకమున వ్రాసికొనెను. “అందఱును నవ్వెదరు” అని వ్రాసిన దినమున నవ్వినవారు ఇద్దఱే.

తల్లిదండ్రులకు మా మనవి యేమనగా: భయమును ఎగతాళి చేయవలదు, ఒక్కసారిగా నెట్టవలదు, “ఏమియు కాదు” అని నూఱుమాఱులు చెప్పవలదు. “భయమున్నను ఈ చిన్న మెట్టు ఎక్కగలవు, నేను ప్రక్కననే యుందును” అనుడు. మార్కులను గాక ప్రయత్నమును మెచ్చుకొనుడు. అయితే పిల్లవానిని ఎవరైన కొట్టుచున్నను, ఏడిపించుచున్నను ఆ భయము న్యాయమైనది. అప్పుడు మార్పవలసినది పిల్లవానిని కాదు, బడిని. వెంటనే మాతో చెప్పుడు.

భయము వారములకొలది వదలకున్నను, తిండి నిద్రలు చెడినను మనోవైద్యుని చూడుడు. చావు మాట నోట వచ్చినచో ఒక్క దినమైనను ఆగవలదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ అను ప్రభుత్వ సేవకు 14416 సంఖ్యకు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగునను మాటలాడవచ్చును.

ఆ బాలిక సంవత్సరాంతమున తరగతిలో నిలిచి ఒక పుట చదివెను. పుస్తకము పట్టిన చేయి వణకుచునే యుండెను. అయినను చదివెను. మేము కోరవలసినది అంతియే.