బండి మీద తిరిగొచ్చిన ముచ్చట పేపర్లో అచ్చు కావాలంటే

మా ఇంటాయన బొగ్గుబాయిలో ఫిట్టరు. ప్లేడే, అంటే వారం సెలవు, దొరికిందంటే చాలు, స్ప్లెండర్ తుడిచి ఏదో ఒక దిక్కు పోతం. గోదావరిఖనిలో కాపురమున్నోళ్లకు ఊరి పక్కనే గోదావరి, బండెక్కితే ఖిల్లాలు, గుళ్లు, అడవులు. అట్ల కాళేశ్వరం పోయొచ్చిన ముచ్చట రాసి పంపితే మూడోసారికి ఆదివారం పుస్తకంలో అచ్చయింది. ఆ మూడు సార్లలో నేను నేర్చుకున్నయి ఇవి. వదినా, మొదటి రెండు సార్ల తిప్పలు మీకు తప్పాలనే చెప్తున్న.

బయలుదేరే ముందు

1. తొలి వ్యాసానికి లడాఖ్ దాకా పోనక్కర్లేదు, పొద్దుగాల పోయి మాపటికి ఇల్లు చేరే జాగ చాలు. రామగిరి ఖిల్లా, సబితం జలపాతం, ఎల్లంపల్లి, మంథని, ఏది పట్టుకున్నా లాడ్జి ఖర్చుండదు, సెలవు పెట్టే పనుండదు.

2. ఈనాడు ఆదివారం, సాక్షి ఫన్‌డే, నమస్తే తెలంగాణ బతుకమ్మ పాత సంచికలు నాలుగైదు పక్కింట్లో అడిగి తెచ్చుకోండి. యాత్రల ముచ్చట్లు ఎంత పొడుగున్నయి, ఎన్ని ఫొటోలు వేసిన్రు అని లెక్కపెడితే మీది ఎంత రాయాలో తెలిసిపోతది.

3. ఊరంతా రాయాలనుకోకండి, ఒక్క ముచ్చట పట్టుకోండి. "కాళేశ్వర యాత్ర" ఎవరైనా రాస్తరు, "షిఫ్టు దిగిన మనిషితో ఒక్కరోజులో ప్రాణహిత సంగమం చూసొచ్చిన" అంటే అది మీదొక్కరిదే.

4. కాలం చూసి బండి తీయండి. సబితం జలపాతానికి వానలు పడ్డంకనే అందం, గుట్టలెక్కాలంటే దసరా దాటినంక పోతే రామగుండం ఎండ దెబ్బ తప్పుతది.

5. ముందురోజే టైర్లలో గాలి, చైన్‌కు ఆయిల్, బ్రేకులు చూసి, లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు ఒక్క జిప్ కవర్లో పెట్టండి. రెండు హెల్మెట్లు తలుపు దగ్గరే ఉంటే పొద్దుగాల అరగంట మిగులుతది.

6. సర్వపిండి, పెరుగన్నం ఇంటి నుంచే కట్టుకుపోండి, చాయ్ మాత్రం దారిలోనే తాగండి. తిండి పైసలు మిగులుతయి, చాయ్ బండి కాడ కూసుంటే వ్యాసానికి కావాల్సిన మాటలు దొరుకుతయి.

దారిలో

7. ఇంటి ముందర ఒకసారి, తిరిగొచ్చినంక ఒకసారి బండి మీటర్ ఫొటో తీయండి. ఎన్ని కిలోమీటర్లు తిరిగిన్రో, ఎంత పెట్రోల్ పట్టిందో ఎవరినీ అడగకుండనే లెక్క తేలుతది.

8. ఊరి పేరు బోర్డు, మైలురాయి, గుడి తలుపులు తీసే వేళల బోర్డు, బంకు బిల్లు అన్నీ ఫోన్లో తీసి పెట్టుకోండి. ఏ టైముకు ఎక్కడున్నరో ఫోనే రాసిపెడతది, మీరు పుస్తకం తీసే పనే ఉండదు.

9. ఆగిన ప్రతిచోటా ఫోన్ రికార్డర్ పెట్టి ఒక్క నిమిషం మాట్లాడుకోండి, ఏం వాసనొచ్చింది, ఎవరేమన్నరు అని. బండి నడుస్తుంటే మాత్రం వద్దు, గాలి మోత తప్ప ఒక్క ముక్క వినబడదు.

10. బొగ్గు టిప్పర్లు తిరిగే దారిలో హెల్మెట్ అద్దం, ఫోన్ కెమెరా మీద నల్లటి దుమ్ము కూసుంటది. పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతయి, మెత్తటి పాత నూలు గుడ్డ కొంచెం తడిపి అద్దుతూ తీయండి, ఫొటోలు మసక రావు.

11. ఫొటోలు పొద్దున ఎనిమిదింటి లోపు, సాయంత్రం ఐదు దాటినంక తీయండి. మిట్టమధ్యాహ్నం తీస్తే హెల్మెట్ నీడకు మొఖమే కనబడదు.

12. దారి, బండి, చూసిన జాగ, మనుషులు, తిండి, ఈ ఐదు రకాలూ అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని తీయండి. పేజీలో ఏ మూల ఖాళీ ఉన్నా సరిపడే ఫొటో మీ దగ్గర ఉంటది.

13. ఓపెన్‌కాస్టు గనులు, ఎన్‌టీపీసీ, బ్యారేజీల కాడ అనుమతి లేకుండా కెమెరా ఎత్తకండి, మనుషుల్ని కూడా అడిగే తీయండి. ఆ ఒక్క మాట అడిగితే తర్వాత ఏ పంచాయితీ ఉండదు.

14. బండి మొరాయిస్తే రోజు పాడైందనుకోకండి, మెకానిక్ మాటలు రాసుకోండి. 1952లో చే గువేరా, ఆయన దోస్తు అల్బెర్టో గ్రనాడో ఎక్కిన నార్టన్ బండి చిలీలోనే పనికిరాకుండా పోయింది, మిగిలిన దారి లారీలెక్కి, నడిచి పోయిన ఆ ముచ్చటనే లోకమంతా చదివింది.

రాసేటప్పుడు

15. ఎంత అలసిపోయినా ఆ రాత్రే ఒక పేజీ రాసి పడుకోండి. 1830లో మద్రాసు నుంచి హైదరాబాద్ మీదుగా కాశీకి పోయిన ఏనుగుల వీరాస్వామయ్య మజిలీ మజిలీకి దారి, నీళ్లు, అంగళ్లు రాసి పెట్టుకున్నరు, 1838లో అచ్చయిన ఆ పుస్తకాన్ని ఇప్పటికీ చదువుతున్నరు.

16. దూరాలు ఒక కాగితం మీద, ఖర్చులు ఒకదాని మీద, మనుషుల మాటలు, కళ్లతో చూసినయి వేరే వేరే రాసుకోండి, పోపుల డబ్బాలో గిన్నెల లెక్క. ఏది ఎప్పుడు వేయాలో చేతికి అందుతది, రెండు రోజుల రాత రెండు గంటల్లో తెములుతది.

17. "పొద్దున్నే లేచి చాయ్ తాగి బయలుదేరినం" అని మొదలుపెట్టకండి, నేను రెండుసార్లు అట్ల పంపితే రెండు చోట్లా పక్కన పెట్టిన్రు. మూడోసారి గుళ్లో ఒకే పానవట్టం మీదున్న రెండు లింగాలతో మొదలుపెట్టిన: ముక్తేశ్వరుడి లింగానికున్న రంధ్రాల్లో ముందరి ముసలమ్మ బిందె ఒంపుతుంటే, నీళ్లు సంగమంలోకే పోతయట కదా అని మా ఆయన నా చెవిలో అడిగిండు. ఆ వ్యాసమే అచ్చయింది.

18. ఊరికొక్క చరిత్ర ముక్క చాలు, అదీ మీరు నిలబడ్డ జాగతో ముడిపడాలె. మంథని అంటే పి.వి. నరసింహారావు గారు 1957 నుంచి 1977 దాకా ఎమ్మెల్యేగా ఉన్న ఊరు అని ఒక్క వాక్యం రాసి బండి ముందుకు నడిపించండి.

19. "చాలా అందంగా ఉంది", "మాటల్లో చెప్పలేం" అని ఎక్కడున్నా కొట్టేయండి. ఆ చోట మీరు చూసింది పెట్టండి, రాత పొట్టిగైతది, చదివేటోళ్లకు కండ్ల ముందర కనబడతది.

20. టైపింగ్ రాకుంటే ఫోన్ కీబోర్డులో తెలుగు పెట్టి మైకు నొక్కి చెప్పండి, కూర ఉడికేలోపు ఒక పేజీ అయితది. ఊళ్ల పేర్లు మాత్రం తీరిగ్గా ఒక్కొక్కటి సరిచూడండి, మైకు వాటినే తప్పు వింటది.

21. పంపే ముందు ఇంట్లో ఒకరికి గట్టిగా చదివి వినిపించండి. మా అత్తమ్మ చిక్కుడుకాయలు వలుస్తూ వింటది, ఆమె చెయ్యి ఆగిన చోట ముచ్చట బాగున్నట్టు, "ఏందది?" అన్న చోట మళ్లీ రాయాల్సినట్టు.

22. చివర్లో చిన్న డబ్బా కట్టి ఎట్ల పోవాలె, ఎంత దూరం, ఎంత పెట్రోల్, తిండి ఎక్కడ, గుడి వేళలేంది రాయండి. చదివినోళ్లు అది కత్తిరించి దాచుకుంటరు, పత్రికోళ్లకు వెతుక్కునే పని తప్పుతది.

పంపేటప్పుడు

23. వ్యాసం యూనికోడ్‌లో, వర్డ్ ఫైల్‌గా పంపండి, ఫొటోలు అందులో అతికించకండి. మళ్లీ టైపు చేయాల్సిన వ్యాసం కుప్పలో అడుక్కు పోతది.

24. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గి, అచ్చులో మసకైతయి. మెయిల్‌కు జోడించండి, లేదంటే గూగుల్ డ్రైవ్ లింకు ఇవ్వండి, ఒక్కోదానికి ఒక లైను వ్యాఖ్య కూడా రాయండి.

25. "ఇది నా సొంత రచన, ఎక్కడా అచ్చు కాలేదు, వేరే పత్రిక పరిశీలనలో లేదు, ఫొటోలు నావే" అని హామీపత్రం పెట్టండి. నెట్‌లో దొరికిన ఫొటో ఒక్కటి కలిపినా నమ్మకం పోతది.

26. మెయిల్‌లో మూడు లైన్లు చాలు: మీరెవరు, ఎక్కడ పోయిన్రు, ఇందులో కొత్తేముంది. పేరు, చిరునామా, ఫోన్ నంబరు కింద రాయండి, అచ్చయితే పారితోషికం ఇచ్చే పత్రిక మిమ్మల్ని వెతుక్కోనక్కర్లేదు.

27. పండుగకు ముడిపడ్డ ముచ్చటైతే నెలన్నర ముందే పంపండి, ఆదివారం పుస్తకాలు ముందే తయారైతయి. 2027లో గోదావరి పుష్కరాలున్నయి, మన ఒడ్డున ఘాట్ల ముచ్చట ఇప్పటి నుంచే రాసి పెట్టుకుంటే అప్పుడు ఉరకాల్సిన పనిలేదు.

28. ఒకేసారి రెండు పత్రికలకు పంపకండి. నెలన్నర చూసి, మర్యాదగా ఒక్క మెయిల్ పెట్టి, జవాబు లేకుంటే "వెనక్కి తీసుకుంటున్న" అని రాసి ఇంకో పత్రికకు పంపండి.

29. వ్యాసం తిరిగొస్తే చింపేయకండి, మొదలు మార్చి మళ్లీ పంపండి. పరవస్తు లోకేశ్వర్ గారు ఛత్తీస్‌గఢ్‌లో స్కూటర్ మీద తిరిగి పుస్తకం రాసిన్రు, 2018లో జై భారతితో కలిపి నలుగురు ఆడవాళ్లు హైదరాబాద్ నుంచి ఆరు దేశాలు బైకుల మీద చుట్టొస్తే వాళ్లలో పియా బహదూర్ ఇంగ్లీషులో 'రోడ్ టు మెకాంగ్' రాసిన్రు. బండి మీద పోయినోళ్ల మాట వినేటోళ్లు ఎప్పుడూ ఉన్నరు.

అచ్చయ్యాక

30. అచ్చయిన రోజు నాలుగు కాపీలు కొనండి. ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఫైల్ చేయండి, ఇంకో పత్రికకు రాసేటప్పుడు "ఇంతకుముందు రాసిన" అని చూపెట్టడానికి అదే సాక్ష్యం.

31. ఇంకో కాపీ, వ్యాసంలో మీరు ఎవరి మాట రాసిన్రో వాళ్లకు చేతికియ్యండి. నేను మహాదేవపూర్ దారిలో చాయ్ పోసిన అమ్మకు తీసుకపోయి ఇస్తే, చదువు రాకున్నా తన ఫొటో మీద చెయ్యి పెట్టి చూసుకొని, పేపరు మడిచి గల్లాపెట్టెలో దాచుకున్నది. రెండో వ్యాసం ఎక్కడ మొదలుపెట్టాలో నాకు అక్కడే తెలిసింది.