తుంగతో పోరు

పోయిన సంవత్సరము తొలకరిలో మన బడితోటలోని మూడు మళ్లయందు బెండ, గోరుచిక్కుడు విత్తితిమి. మళ్లలో తుంగ దట్టముగ నుండుటచే, విత్తుటకు ముందు పిల్లలచేత గుద్దళ్లతో నేలనంతయు తరిగించి మట్టిలో కలిపివేసి, పని ముగిసినదని సంతోషించితిమి. బెండకు నాలుగాకులు వచ్చులోపలనే తుంగ జానెడెత్తున లేచి మళ్లను కప్పివేసినది. ఆ యేడు కూరకు చాలినంత కాయ రాలేదు. తప్పు మాది, పిల్లలది కాదు. తుంగ యెట్టిదో తెలిసికొనకయే గుద్దలి యెత్తించితిమి.

తుంగను చూచి గడ్డి యనుకొందురు. అది గడ్డిజాతి కాదు. పూకాడను వ్రేళ్ల నడుమ త్రిప్పి చూడుడు, మూడు పలకలుగ నుండును. హోసూరు ప్రాంతమున మనయింట దీనిని తుంగ యందుము, తమిళము మాటాడు ఇరుగుపొరుగువారు కోరై యందురు. పేరేదైనను పెరికినవానికి దక్కునది ఆకే. గడ్డ లోపలనే నిలుచును. ఈ గడ్డలు సన్నని భూగర్భకాండములచే గొలుసువలె ముడివడి యుండును. గొలుసు తెగనంతకాలము అందొకటి మొలచి తక్కినవానిని చాలవరకు మొలవనీయదు. తెగినచో విడిపోయిన గడ్డలన్నియు మొలకెత్త నారంభించును. గుద్దళ్లతో మేము చేసినది అదియే!

ఈ గడ్డలే తుంగముస్తలను పేర మందుల అంగళ్లలో అమ్ముడుపోవును. మన అవ్వలు వీనిని మందుగా ఎరుగుదురు. తోటలో మాత్రము వీనితో మనకు చుట్టరికము లేదు.

తుంగకు ఇద్దరు శత్రువులు కలరు: ఎండ, నీడ. వేసవి దుక్కి దున్నుమని పెద్దలు చెప్పుటలోని మర్మ మిప్పుడు మాకు బోధపడినది. గడ్డలలో అధికభాగము జానెడు లోతులోపలనే యుండును. పైకి తీసి ఎండలో రెండు వారములు పరచిన తేమ యింకిపోయి చచ్చును. నడుమ వాన కురిసెనా, శ్రమ వృథా. అందుచే ఈ యేడు వేసవి సెలవులలోనే పది పన్నెండుమంది పిల్లలు, వారి తండ్రులు కొందరు వచ్చి, రెండు మళ్లను గునపములతో పెళ్లలు పెళ్లలుగ లేపిరి. నరుకలేదు, లేపిరి. పెళ్లను చేతితో చిదిపి గడ్డలను గంపల కెత్తి బండపై ఆరబోసితిమి. ఎరువుగుంతలో మాత్రము వేయలేదు. అందు వేసిన, ఎరువుతోపాటు తుంగయు మడికి తిరిగివచ్చును.

ఎంత ఏరినను కొన్ని మిగులును. మొలచిన మూడు వారములకే క్రొత్త గడ్డ కట్ట నారంభించును గనుక రెండు వారముల కొకసారి తప్పక కలుపు తీయవలెను. ఒక్కసారి మానినను మరల మొదటికి వచ్చును. ప్లాస్టిక్ పట్టా పరచుదమని యొకరు సూచించిరి. తుంగమొన సూదివంటిది, పట్టాను చీల్చుకొని వచ్చును. కలుపుమందుల జోలికి పిల్లలు పోనేరాదు.

కంచె ప్రక్కనున్న వయ్యారిభామ సంగతి వేరు. అమెరికాఖండమునుండి వచ్చిన యీ మొక్కను 1955 ప్రాంతమున పూనాలో గుర్తించిరి. దీనికి గడ్డలు లేవు, గింజలే బలము. ఒక్క మొక్కకు వేలకొలది గింజలు. పూయకమునుపే, నేల తడిగా నున్నప్పుడు, వేరుతో పెరికివేయవలెను. వట్టిచేతులతో తాకరాదు. పోయిన యేడు మా మాట వినకముందే పెరికిన యొక బాలికకు మోచేతులవరకు దద్దురు లేచి వారముదినములు బడికి రాలేదు. ఉబ్బసము గలవారు దాని దరికే పోరాదు. దీని ఆకులు తిను పెంకుపురుగును మెక్సికోనుండి తెచ్చి 1984లో మనకు చేరువనున్న బెంగుళూరులో విడిచిరి. వానకాలమున అది ఆకులను తినివేయును, ఎండకాలమున మట్టిలో దాగును. కనబడినచో చంపకుడు. అట్లని దానినే నమ్మి కూర్చుండరాదు.

మూడవ మడిని వానలకు ముందు తవ్వలేకపోతిమి. తడినేలలో తీసిన గడ్డ ఎండదు గనుక అందు నీడనే ప్రయోగించుచున్నాము. అలసందలు ఒత్తుగ విత్తితిమి. తుంగ నీడకు ఓర్వదు, తీగ నేలను కప్పువరకు చేతితో కలుపు తీసిన చాలును. శనివారము మధ్యాహ్నము ఆ పనికి రాగల తల్లిదండ్రులు పిల్లలతో చెప్పి పంపుడు. ఆ మడి ఏమైనదో వచ్చు సంచికలో వ్రాయుదుము.