లక్షా ఇరవై ఎనిమిది వేల మైళ్ళ కారు

చిరంజీవి మేనల్లుడికి,

నువ్వు పంపిన రెండు కార్ల వివరాలూ నిదానంగా చదివాను. రెండూ 2003 పోర్షే బాక్స్‌స్టర్లే. రెండింటికీ 2.7 లీటర్ల ఇంజిను, చేత్తో వేసే అయిదు గేర్లు. ఒకటి 41,000 మైళ్ళు తిరిగింది, 18,000 డాలర్లు చెబుతున్నారు. రెండోది 1,28,000 మైళ్ళు తిరిగింది, 11,000 అడుగుతున్నారు. నీ మనసు మొదటిదాని మీదే ఉందని నీ రాతలోనే తెలుస్తోంది. గుంటూరు నుంచి మీ నాన్నగారు కూడా ఫోన్ చేశారు. "రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండిని డబ్బిచ్చి ఎవరైనా కొంటారా, నువ్వైనా చెప్పు బావా" అన్నారు. చెబుతున్నాను. నువ్వు చూడాల్సింది ఆ రెండో కారునే.

మీ నాన్నగారి భయం అర్థం లేనిదేం కాదు. అంబాసిడర్లు, ఫియట్లు నడిచిన రోజుల్లో పెరిగిన మా తరానికి, బాగా తిరిగిన బండి అంటే బోరుకొచ్చిన ఇంజినే. పొగ మొదలైందంటే షెడ్డుకి తీసుకెళ్ళి ఇంజిన్ దింపించాల్సిందే. ఈ కారు అలాంటిది కాదు. వేళకి ఆయిల్ మార్చి నడిపితే లక్ష మైళ్ళకి ఈ ఇంజిన్ అరిగిపోదు. దీనికి గండం వేరే చోట ఉంది, ఒక చిన్న బేరింగ్‌లో. దాని గురించి కాస్త విడమరిచి చెప్పాలి, ఎందుకంటే ఈ కారు కొనడంలో సగం తెలివి అక్కడే ఉంది.

క్రాంక్‌షాఫ్ట్ కింద ఇంటర్మీడియట్ షాఫ్ట్ అని ఇంకొకటి ఉంటుంది. క్రాంక్ తిరుగుడుని గొలుసుల ద్వారా క్యామ్‌షాఫ్టులకి అందించడం దాని పని. గేర్‌బాక్స్ వైపు కొస బాల్ బేరింగ్ మీద తిరుగుతుంది. ఆ బేరింగ్‌లో గ్రీజు నింపి సీలు వేసేశారు. ఏళ్ళు గడిచేకొద్దీ సీలు గట్టిపడుతుంది. ఇంజిన్ ఆయిల్ సందు చూసుకుని లోపలికి చేరి గ్రీజుని కడిగేస్తుంది. చేరిన ఆయిల్ మళ్ళీ బయటికి పోయే దారి లేక అక్కడే పాతబడుతుంది. బాల్స్ అరుగుతాయి. బేరింగ్ విరిగిన రోజున షాఫ్ట్ ఊగిపోయి, టైమింగ్ తప్పి, వాల్వులు పిస్టన్లకి కొట్టుకుంటాయి. ఇక బాగుచేయడానికి ఏమీ మిగలదు, ఇంజినే మార్చుకోవాలి. దానికయ్యే ఖర్చు నువ్వు కారుకి పెట్టిన డబ్బుకి ఏమాత్రం తక్కువ ఉండదు.

1997 నుంచి వచ్చిన తొలి బాక్స్‌స్టర్లలో ఈ బేరింగ్‌కి రెండు వరసల బాల్స్ ఉండేవి. 2000 ప్రాంతం నుంచి 2005 దాకా ఒకే వరస. నీ రెండు కార్లూ ఈ ఒంటి వరస కాలానివే. అమెరికాలో ఓనర్లు కలిసి కేసు వేస్తే 2013లో రాజీ కుదిరింది. ఒంటి వరసవి సుమారు 8 శాతం, రెండు వరసలవి 1 శాతం లోపు చెడుతున్నాయన్న లెక్క ఆ కేసులోనే బయటికొచ్చింది. నూటికి ఎనిమిది అంటే పారిపోవాల్సినంత పెద్ద అంకె కాదు. అలాగని కళ్ళు మూసుకుని కొనడానికీ వీల్లేదు.

ఇప్పుడు మైళ్ళ సంగతికి వద్దాం. ఈ బేరింగ్ బాగా తిరిగిన కార్లలో కంటే నిలబెట్టి ఉంచిన కార్లలోనే ఎక్కువ ఇబ్బంది పెడుతుందని ఈ ఇంజిన్లు విప్పే మెకానిక్కులు చెబుతారు. కారణం తేలికగానే అర్థమవుతుంది. దూరాలు నడిచే కారులో ఆయిల్ పూర్తిగా వేడెక్కి, అందులో చేరిన తేమ ఆవిరైపోతుంది. నెలకోసారి తీసి వీధి చివరిదాకా వెళ్ళొచ్చే కారులో ఆ తేమ అలాగే ఉండిపోయి ఆయిల్‌ని ఆమ్లంగా మారుస్తుంది. తోడని బావిలో నీళ్ళు పాడైనట్టే. ఇరవై ఏళ్ళు దాటిన కారు 41,000 మైళ్ళు తిరిగిందంటే ఏడాదికి రెండు వేలు కూడా పడలేదు. పైగా ముగ్గురు చేతులు మారిందనీ, కాగితాలేవీ లేవనీ నువ్వే రాశావు. ఆ 7,000 డాలర్ల తేడా దేనికి ఇస్తున్నట్టు?

రెండో కారుకి ఒకే ఓనరు పన్నెండేళ్ళు ఉన్నాడు, లావుపాటి ఫైలు ఉంది. 84,000 మైళ్ళ దగ్గర క్లచ్ మార్చినప్పుడే ఈ బేరింగునీ, వెనక మెయిన్ సీలునీ కూడా మార్పించిన రసీదు ఉందన్నావు. అది బండి తెలిసినవాడి పని. ఆ బేరింగ్ దగ్గరికి చేరాలంటే గేర్‌బాక్స్, క్లచ్, ఫ్లైవీల్ అన్నీ దింపాలి. కూలి డబ్బంతా ఆ దింపుడుకే పోతుంది కాబట్టి మూడు పనులూ ఒకేసారి చేయించడమే న్యాయం. అయితే కొత్తగా వేసిన బేరింగ్‌కీ ఒక ఆయుష్షు ఉంటుంది. ఏ రకం వేశారో, వేసినవాళ్ళు ఎన్ని మైళ్ళకి మళ్ళీ మార్చమన్నారో రసీదులో చూడు. వేశాక ఇప్పటికే 44,000 మైళ్ళు నడిచింది. తర్వాతి క్లచ్‌తో పాటు అదీ మార్చాల్సి రావచ్చు. కొన్ని వేల డాలర్ల పని, ఇప్పుడే లెక్కలో వేసుకో.

ఓడోమీటర్ అంకెని గుడ్డిగా నమ్మొద్దు. అమెరికాలో 2010, అంతకుముందు మోడళ్ళ కార్లు అమ్మేటప్పుడు మీటర్ రీడింగ్ రాసి సంతకం పెట్టాల్సిన కేంద్ర నిబంధన ఇప్పుడు వర్తించదు. నీ 2003 కారు ఆ మినహాయింపులోకే వస్తుంది. అందుకని పాత సర్వీసు రసీదుల మీద రాసిన మైళ్ళు వరసగా పెరుగుతూ వచ్చాయా లేదా అన్నది నువ్వే కూర్చుని చూసుకోవాలి. ఇంకో సాక్షి కూడా ఉంది. ఇంజిన్ కంప్యూటర్‌లో ఇంజిన్ మొత్తం ఎన్ని గంటలు నడిచిందో నమోదై ఉంటుంది. 1,28,000 మైళ్ళకి 4,000 గంటలు చూపిస్తే సగటు గంటకి 32 మైళ్ళు, నమ్మదగిన లెక్క. మొదటి కారు 41,000 మైళ్ళకి 3,000 గంటలు చూపించిందనుకో, మీటరే మార్చారేమో అని గట్టిగా అడగాలి. అదే రిపోర్టులో ఇంజిన్ హద్దు మీరి ఎన్నిసార్లు తిరిగిందో కూడా వస్తుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజిన్ వేగం హద్దు దాటకుండా లిమిటర్ ఆపుతుంది. అయిదులోంచి నాలుగుకి బదులు రెండులోకి గేరు పడితే మాత్రం లిమిటర్ ఏం చేయలేదు, చక్రాలే ఇంజిన్‌ని తిప్పేస్తాయి. అలాంటిది ఈమధ్యనే జరిగినట్టు ఉంటే ఆ కారు వద్దు.

అమ్మేవాళ్ళకి సంబంధం లేని, పోర్షేలు తెలిసిన మెకానిక్ చేత తనిఖీ చేయించు. మూడు నాలుగు వందల డాలర్లు అడుగుతారు, బేరమాడకు. నువ్వు వెళ్ళేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని ముందే చెప్పు. ఇది పడుకుని ఉన్న ఆరు సిలిండర్ల ఇంజిన్, స్టార్ట్ చేయగానే కాస్త నీలం పొగ వచ్చి పోతే కంగారుపడొద్దు. తెల్లటి పొగ గుప్పున కమ్మేసి ఆగకపోతే ఆయిల్‌నీ గాలినీ వేరు చేసే సెపరేటర్ పోయినట్టు. ఆయిల్ ఫిల్టర్ మడతలు విప్పించి వెలుతురులో చూడమను. గోధుమరంగు ప్లాస్టిక్ ముక్కలు ఒకటీ అరా ఉంటే గొలుసుల గైడ్లవి, ఫర్వాలేదు. మెరిసే లోహపు తునకలు కనబడి, అవి అయస్కాంతానికి అంటుకుంటే అక్కడితో ఆపేయ్. వెనక డిక్కీలో తివాచీ ఎత్తి తడి ఉందేమో చూడు, కూలెంట్ ట్యాంక్ పగిలే చోటు అదే. డ్రైవర్ సీటు కింద కూడా చెయ్యి పెట్టి చూడు. పై గుడ్డకప్పు నీళ్ళు పోయే రంధ్రాల్లో ఆకులు అడ్డుపడితే నీళ్ళు అక్కడికే చేరతాయి, తాళం కంప్యూటర్ ఉండేదీ అక్కడే. ముందు బంపర్ గాలి సందుల వెనక రేడియేటర్ల దగ్గర కూడా ఆకులు పేరుకుని అక్కడే తుప్పు పుట్టిస్తాయి. మీ ఒహాయోలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి లిఫ్టు మీద పెట్టినప్పుడు బ్రేకు పైపులూ, సైలెన్సర్ బోల్టులూ తప్పకుండా చూపించమను.

డబ్బు విషయం. కొత్తలో నలభై వేల డాలర్లు దాటిన కారు ఇది. ఇప్పుడు నీకు 11,000కి దొరుకుతున్నా విడిభాగాలు, మెకానిక్ గంట కూలి నలభై వేల కారువే. అందుకని అప్పు చేసి కొనొద్దు. కొన్నాక బ్యాంకులో కనీసం 4,000 మిగలాలి, అంత మిగలకపోతే ఇంకో ఏడాది ఆగు. నువ్వు నడుపుతున్న కొరొల్లా కారు అమ్మొద్దు. పోర్షే షెడ్డులో ఉన్న వారం కూడా నువ్వు ఆఫీసుకి వెళ్ళాలి కదా. ఆ ఒత్తిడి లేకపోతేనే మెకానిక్‌ని నిదానంగా మంచిపని చేయనిస్తావు.

ఇక నాకు నిజంగా దిగులున్నది ఒక్కచోట. ఇంజిన్ సీట్ల వెనక, కారు నడిమిలో ఉంటుంది. నీ కొరొల్లాలా ప్రవర్తించదు. తడి రోడ్డు మీద మలుపులో ఉన్నప్పుడు భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు ఒక్కసారిగా తీసేస్తే వెనక భాగం పక్కకి జారి కారు గిర్రున తిరుగుతుంది. అలా జారకుండా ఆపే స్టెబిలిటీ సిస్టమ్‌కి ఆ ఏడాది విడిగా డబ్బు కట్టాల్సి వచ్చేది. ఆ కారుకి ఉందో లేదో అడుగు. టైర్ల పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2318 అంటే 2018లో 23వ వారం తయారీ. గాడులు ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్ళు దాటిన టైర్లతో ఇంటికి రావొద్దు. వేసవి టైర్లు 45 డిగ్రీల ఫారెన్‌హైట్ కిందకి పోతే గట్టిపడి రోడ్డు పట్టు వదిలేస్తాయి. నవంబరు నుంచి కారు తీయాలనిపిస్తే చలికాలపు టైర్లు వేయించు.

నడపడం నేర్చుకో. నువ్వెప్పుడో లైసెన్సు తెచ్చుకున్నావు, నేను చెప్పేది అది కాదు. 1955లో మొదలైన పోర్షే క్లబ్ ఆఫ్ అమెరికా వాళ్ళు ఖాళీ పార్కింగ్ స్థలాల్లో శంకువులు పెట్టి నడిపిస్తారు, పక్కన కూర్చుని నేర్పేవాళ్ళు ఉంటారు. అక్కడ కారు గిర్రున తిరిగినా పడేది రెండు ప్లాస్టిక్ శంకువులే. నీ చేతులు ఆ కారుని తెలుసుకున్నాకే జేన్స్‌విల్ వైపు 555వ నంబరు రోడ్డు మీదికి తీసుకెళ్ళు. ఆ గుట్టల మలుపుల్లో ఎవడైనా వెనక నుంచి తోస్తుంటే పక్కకి తప్పుకుని దారివ్వు.

కొన్నాక నడుపు. 5,000 మైళ్ళకో, ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు ఆయిల్ మార్పించు. మార్చిన ప్రతిసారీ ఫిల్టర్ విప్పి చూపించమను. బయలుదేరాక ఉష్ణోగ్రత ముల్లు మామూలు చోటికి వచ్చినా ఆయిల్ వేడెక్కడానికి ఇంకా పది నిమిషాలు పడుతుంది, అప్పటిదాకా ఇంజిన్‌ని 4,000 ఆర్‌పీఎమ్ దాటించకు. చిన్న పనైనా తేదీ, మైళ్ళు రాసి రసీదు ఆ ఫైల్లోనే పెట్టు. ఆ ఓనరు పన్నెండేళ్ళు ఓపికగా పెట్టుకొచ్చిన ఫైలు నీ దగ్గర ఆగిపోకూడదు. చెప్పడం మరిచాను, కారుతో పాటు రెండో తాళంచెవి కూడా అడిగి తీసుకో.

శనివారం కారు చూడటానికి వెళ్ళినప్పుడు 84,000 మైళ్ళ నాటి రసీదు, కంప్యూటర్ రిపోర్టు, నాలుగు టైర్ల అంకెలు ఫొటో తీసి ఆ సాయంత్రమే నాకు పంపు. నేను చూసి మాట చెప్పేదాకా అడ్వాన్సు ఇవ్వకు. మీ నాన్నగారితో నేను మాట్లాడతాను, అక్కయ్యతో కూడా.

ఆశీస్సులతో,
మామయ్య