బిల్డరు చేతిలోంచి మీ చేతికి



గృహప్రవేశమై ఏడాది దాటినా మీ అపార్ట్‌మెంటులో మెయింటెనెన్స్ డబ్బు బిల్డరు మనిషే వసూలు చేస్తున్నాడనీ, లెక్క అడిగితే తప్పించుకుంటున్నాడనీ రాశావు. అసోసియేషన్ పెట్టాలన్న నీ ఆలోచన సరైనదే. ఆలస్యం మాత్రం చేయొద్దు.

నెలనెలా డబ్బు పోగుచేసి వాచ్‌మన్‌కు జీతమిచ్చే కమిటీయే అసోసియేషన్ అని చాలామంది అనుకుంటారు. అది చిన్న పని. లిఫ్టు, సెల్లారు, మేడ మీది డాబా, బోరు, సంపు, వీటన్నిటిలో నీకు వాటా ఉంది. కానీ ఒక్కదానివే వెళ్లి అడిగితే ఎవరూ పట్టించుకోరు. ఉమ్మడి స్థలాలనూ వాటి కాగితాలనూ బిల్డరు కొన్నవాళ్ల సంఘానికి అప్పగించాలని 2016 నాటి రెరా చట్టం చెబుతోంది. సంఘమే లేకపోతే అదే అతనికి సాకు. ఫ్లాటు స్వాధీనం చేసిన 5 ఏళ్లలోపు కట్టడంలో లోపం కనబడి తెలియజేస్తే, 30 రోజుల్లో బిల్డరు తన ఖర్చుతోనే బాగుచేయాలని కూడా ఆ చట్టంలో ఉంది. మీకు ఆ గడువులో ఏడాది అప్పుడే గడిచిపోయింది. సెల్లారు గోడకు నీళ్లు ఊరుతున్నాయన్నావు కదా, ఫోటోలు తీసి, తేదీ వేసి, కాగితం మీద రాసి ఇవ్వండి. ఫోనులో చెప్పిన మాటకు రుజువుండదు.

మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఫైర్ ఎన్‌ఓసీ, లిఫ్టు, జనరేటరు వారంటీలు అన్నీ అడిగి తీసుకోండి. పైపులూ కరెంటు తీగలూ ఎటునుంచి ఎటు వెళ్లాయో చూపే డ్రాయింగులు మరీ ముఖ్యం. గోడలో పైపు పగిలిన రోజున వాటి విలువ తెలుస్తుంది. కార్పస్ ఫండ్ పేరుతో కట్టించుకున్న డబ్బుకు అసలెంత, వడ్డీ ఎంత అని లెక్క కోరండి.

రిజిస్ట్రేషన్ కష్టమేమీ కాదు. 2001 నాటి సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుంటే చాలు. మెమొరాండం, బైలాలు తయారుచేసుకుని రిజిస్ట్రారు దగ్గర దాఖలు చేయాలి. కానీ బైలాలు ఎవరిదో నమూనా చూసి దించేయకండి. పదవీకాలమెంత, ఎంత ఖర్చు దాటితే జనరల్ బాడీ అనుమతి కావాలి, మెయింటెనెన్స్ అడుగుల లెక్కనా అందరికీ సమానమా, ఇవన్నీ ముందే తేల్చుకోండి. నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుట్టాయి.

మొదటి మీటింగులో అధ్యక్షుడెవరన్న మాట ఎత్తకు. నీళ్ల సంగతి ఎత్తు. వేసవిలో ట్యాంకర్లకు ఎంత పోస్తున్నారో, ఇంకుడు గుంత పనిచేస్తోందో లేదో మాట్లాడుకుంటే పనిచేసేవాళ్లెవరో దానంతటదే తెలుస్తుంది. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు పెట్టండి. నెలనెలా జమాఖర్చులు లిఫ్టు పక్కన అంటించండి.

ఇంకొక్క మాట, తల్లీ. పెళ్లికానివాళ్లకు ఇల్లు అద్దెకివ్వకూడదనీ, మాంసం తినేవాళ్లు వద్దనీ, పనివాళ్లు లిఫ్టు ఎక్కకూడదనీ రూలు పెట్టమనేవాళ్లు తప్పకుండా వస్తారు. ఒప్పుకోకు. మనుషుల్ని దూరం పెట్టడం సంఘం పని కాదు. అద్దెకున్నవాళ్లనూ మీటింగుకు పిలవండి. నీళ్లు రాకపోతే వాళ్లూ ఇబ్బంది పడేవాళ్లే.

వచ్చే ఆదివారమే పదిమందిని కూర్చోబెట్టు. బిల్డరుకు రాసే ఉత్తరం, బైలాల ముసాయిదా నాకు పంపు, చదివి పెడతాను.

ఇట్లు,
మీ బాబాయి