గ్రంథకర్తయు ప్రకాశకుడును

పుస్తకమును చేతబట్టినవారు ముఖపత్రముపై గ్రంథకర్త పేరు చూతురు గాని, వెనుకపుటలో చిన్నయక్షరములతో నచ్చుపడిన ప్రకాశకుని పేరును, స్వామ్యవాక్యమును జదువువా రరుదు. ఈ యిరువురి సంబంధము మన గోదావరీమండలమున నెట్లు పెరిగెనో కొంచెము విచారింతము.

పూర్వము కవికి రాజుగాని జమీందారుగాని పోషకుడు. కృతి నంకితమిచ్చి యగ్రహారమునో శాలువనో పడయుట యాచారము. అచ్చు వచ్చిన పిమ్మట వెలయిచ్చి కొను పాఠకుడే పోషకుడయ్యెను. అతనికిని గ్రంథకర్తకును నడుమ నొకడు నిలువవలెను గదా! అట్టివాడు రాజమహేంద్రవరమున మొదట దొరకుట కష్టమే. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించినపుడు దానిని చెన్నపట్టణమున నచ్చొత్తింపవలసి వచ్చెను. ఆనాడు మనయూరినుండి యచటికి రైలుదారియైన లేదు. తరువాత పంతులుగారు రాజమహేంద్రవరముననే ముద్రాక్షరశాలను నెలకొల్పిరి. వారి రాజశేఖరచరిత్రము 1878లో పత్రికయందు భాగములుగా మొదలై, 1880లో పుస్తకమయ్యెను. వ్రాయువారును, ప్రకటించువారును నొక్కరే. ఇందు గొప్ప స్వేచ్ఛ కలదు. వితంతూద్వాహమును గూర్చి వ్రాయుట కొరుల యనుమతి యక్కరలేదు. అయితే అప్పును, అమ్ముడుపోని ప్రతులును గూడ గ్రంథకర్తవే.

న్యాపతి సుబ్బారావు పంతులుగారి చింతామణి పత్రిక వేరొక దారి చూపెను. నవలలకు పోటీలు పెట్టి బహుమతు లిచ్చెను. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి రామచంద్రవిజయము (1894) అట్లు బహుమతి నొందినదే. వారి గయోపాఖ్యాన నాటకము లక్షకు పైబడి ప్రతులు చెల్లెనని చెప్పుదురు. ఇట్టి పుస్తకము విషయముననే చిక్కు పుట్టును. కలిమిలేని రచయిత కొద్దిసొమ్మునకు హక్కును శాశ్వతముగా విక్రయించినయెడల, పదియవ కూర్పు లాభ మెవరిది?

ప్రకాశకుని దూషించుట సులభము. కాగితము, కూర్పరుల జీతములు, బైండు, వర్షాకాలమున చెమ్మకును చెదలకును నష్టమగు కట్టలు, బాకీలు తీర్పని వర్తకులు, ఇవన్నియు నాతని నెత్తిమీదివే. పది పుస్తకములలో నొకటి చెల్లినచో తక్కిన తొమ్మిదింటిని అదియే మోయవలెను. అయినను ఎన్ని ప్రతు లచ్చువేసినది రచయితకు దెలుపకుండుట మాత్రము మాకు న్యాయముగా దోపదు. లెక్క తెలియనిచో నూటికి పదివంతుల రాయల్టీ యనినను వట్టిమాటయే.

ఈ విషయమున శాసనము క్రమముగా రచయిత పక్షమునకు జరిగినది. 1957 సంవత్సరపు స్వామ్యశాసనము ప్రకారము హక్కుల బదిలీ వ్రాతమూలకముగా నుండవలెను. 1994లో చేసిన సవరణవలన, పత్రమున గడువు వ్రాయనిచో నది యైదేండ్లకే పరిమితము. స్వామ్యము గ్రంథకర్త జీవితకాలమును, అటుపై నరువదియేండ్లును నిలుచును. 1992కు పూర్వ మది యేబదియేండ్లే. చిలకమర్తివారు 1946లో గతించిరి. కావున వారు జీవించియుండగా వెలువడిన గ్రంథముల స్వామ్యము 2006 తుదివరకు సాగినది. 2007 జనవరి 1వ తేదీనుండి గయోపాఖ్యానమును ఎవ్వరైనను అచ్చొత్తింపవచ్చును.